ఉగ్గుగిన్నె, సంకటి ముద్ద, అంగన్‌వాడీ పొట్లం: హిందూపురం సీమలో పసిబిడ్డల ఆహార చరిత్ర

ఆరు నెలలు నిండిన బిడ్డ ఒక గడప దాటుతుంది. అంతవరకు తల్లిపాలే దానికి సమస్తం. ఆ తరువాత తల్లిపాలు కొనసాగుతూనే, వాటికి తోడుగా ఇంటి తిండి మొదలు కావాలి. రెండేళ్ళు నిండేదాకా సాగవలసిన ఈ తోడు తిండినే వైద్యులు అనుబంధాహారం అంటారు. బిడ్డ ఎత్తు, బరువు, మెదడు ఎదుగుదల, రోగాలను తట్టుకొనే శక్తి చాలావరకు ఈ పద్దెనిమిది నెలలలోనే రూపు దిద్దుకొంటాయి. ఈ కాలంలో కోల్పోయిన ఎత్తు తరువాత ఎంత తినిపించినా పూర్తిగా తిరిగి రావడం అరుదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో పసిబిడ్డ గిన్నెలోకి ఏ కాలంలో ఏమి వచ్చి చేరింది, ఏమి తొలగిపోయింది అన్న విషయాన్ని ఈ వ్యాసంలో వివరించదలచుకొన్నాను. ఇందుకు కారణం చాలా ఏళ్ళ క్రితం ఒక అవ్వ నాతో అన్న మాట.

నేను వైద్యవృత్తిలో కుదురుకొంటున్న రోజులవి. ధర్మవరం నేతగాళ్ళ ఇంటి నుంచి పది నెలల ఆడబిడ్డను తీసుకొని తల్లి, అవ్వ వచ్చారు. బిడ్డ చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఏమి పెడుతున్నారని అడిగాను. "అన్నం నీళ్ళు పోస్తాండాము సార్, పప్పుకట్టు పోస్తాండాము" అంది తల్లి. నాకు కోపం వచ్చింది. నీళ్ళు పోస్తే బిడ్డ ఎలా పెరుగుతుందని గట్టిగానే మందలించాను. తల్లి తల వంచుకొంది. అవ్వ మాత్రం నెమ్మదిగా ఇలా అంది: "మాకు తెలీక కాదు సార్. నీళ్ళదైతే ఉగ్గుగిన్నెతో ఒక్క నిమిషంలో పోసేయొచ్చు. ముద్దయితే పక్కన కూర్చుని తినిపించల్ల. ఈ పిల్ల మగ్గం కాడినుంచి లేస్తే ఆ పొద్దు కూలి పోతాది."

ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయింది. బిడ్డ తిండిలో పదార్థం ఎంత ముఖ్యమో, తినిపించే చేతికి దొరికే సమయమూ అంతే ముఖ్యమన్న పాఠం నాకు కళాశాలలో ఎవరూ చెప్పలేదు. ఈ ప్రాంతపు చరిత్రను ఆ కోణం నుంచి చూస్తే అనేక సంగతులు బోధపడతాయి.

అన్నప్రాశన: మొదటి ముద్దకు ముహూర్తం

ఆరవ నెలలో తిండి మొదలుపెట్టాలన్నది నిన్న మొన్నటి సలహా కాదు. సుశ్రుత సంహిత ఆరవ నెలలో బిడ్డకు తేలికైన, హితమైన అన్నం పెట్టమంటుంది. శిశువైద్యానికి ఆధారగ్రంథమైన కాశ్యప సంహిత ఆరవ నెలలో పండ్లు, పదవ నెలలో అన్నం అని రెండు మెట్లుగా చెబుతుంది. మన ఇళ్ళలో మగబిడ్డకు సరి నెలలలో, ఆడబిడ్డకు బేసి నెలలలో అన్నప్రాశన చేసే ఆచారం ఉంది. దక్కనీ ముస్లిం కుటుంబాలలో ఖీర్ చటాయీ పేరుతో ఇటువంటి వేడుకే జరుగుతుంది. మతం వేరైనా, వంటకం వేరైనా, బిడ్డ నోటికి తొలి ముద్ద అందించే క్షణాన్ని పెద్దలు పండుగగానే భావించారు.

అయితే వైద్యుడిగా నేను గమనించిన లోటు ఒకటుంది. ఆచారం మొదటి ముద్దకు ముహూర్తం పెట్టింది గాని, రెండవ నాటి ముద్దకు పెట్టలేదు. వెండి గిన్నెలో పాయసం నాకించి, పుస్తకమో బంగారమో పట్టించి ఫొటోలు తీసుకొన్న తరువాత, చాలా ఇళ్ళలో బిడ్డ మళ్ళీ పాలమీదనే ఉండిపోయేది. "పళ్ళు రానీ", "అరగదు", "మందం చేస్తుంది" అన్న మాటలతో నెలలు గడిచేవి. పాలపళ్ళు లేకున్నా చిగుళ్ళతో మెత్తని ముద్దను నలిపి మింగగల శక్తి ఆరు నెలల బిడ్డకు ఉంటుంది.

ఉగ్గుగిన్నె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉగ్గుపాలతో నేర్చుకొన్న విద్య అని మనం నేటికీ అంటాము. సన్నని ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నెతో పూర్వం చనుబాలలో రంగరించిన ఆముదం, మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము గంధం పోసేవారు. బిడ్డ ఏడుస్తుండగా నూనె పోస్తే అది ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా కలిగించే ప్రమాదం ఉంది. ఆ అలవాటు తగ్గడం మంచిదే. కాని ఉగ్గుగిన్నె వల్ల మరొక అలవాటు మిగిలిపోయింది. బిడ్డ తిండి అంటే పోసేదే గాని పెట్టేది కాదన్న భావన అది.

నేల పెట్టిన తిండి

విజయనగర ప్రభువులు 1565 నాటి తల్లికోట యుద్ధం తరువాత పెనుకొండను రాజధానిగా చేసుకొన్నారు. రాజధాని అయినా నేల మాత్రం మెట్టదే. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వర్షం పడే సీమ ఇది. చెరువు కింద కొద్దిపాటి వరి; మిగిలినదంతా రాగి, కొర్ర, సామ, ఆరిక, జొన్న, సజ్జ, ఉలవ, అనుము, అలసంద. వరి అన్నం పండుగనాటి ముచ్చట. దినదినమూ కడుపు నింపినది సంకటి. మైసూరు పీఠభూమిని ఆనుకొని ఉన్న హిందూపురం, మడకశిర ప్రాంతాలలో రాగికి ఉన్న స్థానం ఇక చెప్పనక్కరలేదు.

ఈ నేలలోనే బిడ్డ తిండికి తగిన ఉపాయమూ పుట్టింది. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి, పలుచని బట్టలో వస్త్రగాళితం పట్టేవారు. ఆ పిండిని బెల్లంతో, పాలతో ఉడికించి బిడ్డకు పెట్టేవారు. పిండి మామూలుగా కాస్తే ఉండకట్టి బిరుసెక్కుతుంది. పలుచన చేయాలంటే నీళ్ళు పోయాలి, నీళ్ళు పోస్తే సత్తువ తగ్గుతుంది. మొలకెత్తిన గింజలో ఆమైలేజ్ అనే ఎంజైము తయారై పిండి పదార్థాన్ని విడగొడుతుంది. అందువల్ల అదే గిన్నెలో ఎక్కువ పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది, చిన్న పొట్టలోకి ఎక్కువ శక్తి చేరుతుంది. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో మల్లేశి, దేశికాచార్ వంటి శాస్త్రవేత్తలు తరువాతి కాలంలో మొలకెత్తించిన రాగిపై పరిశోధించి దీనిని వివరించారు. నూరు గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో ఉండేది అందులో ముప్పయ్యో వంతుకు అటూ ఇటూ.

మరి అంత మంచి తిండి ఉన్న సీమలో బిడ్డలు ఎందుకు కృశించారు? మొదటి కారణం కరువు.

కరువు రోజులు: ఒక పౌను ధాన్యం

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు దత్తం చేశాడు. అనంతపురం జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. అందువల్ల 1876-78 నాటి మహా కరువు కాలంలో పెనుకొండ, ధర్మవరం, హిందూపురం తాలూకాలన్నీ బళ్ళారి జిల్లాలో భాగం. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు తీసిన కరువు అది. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే బళ్ళారి జిల్లా జనాభా పెరగకపోగా బాగా తగ్గిపోయింది.

1877 ఆరంభంలో కరువు పరిశీలనకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనిలో చేరిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన స్వల్పంగా చిల్లర చాలునన్నాడు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు ప్రెసిడెన్సీ పారిశుద్ధ్య కమిషనరైన డాక్టర్ విలియం కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. రాళ్ళు కొట్టే మనిషి దేహం ఆ కూలితో నిలవదని, జైలు ఖైదీకి పెట్టే తిండితో పోల్చి చూపాడు. కొన్ని నెలల తరువాత కూలి పెంచక తప్పలేదు. భారతదేశంలో ఆహారాన్ని కొలిచి, లెక్కకట్టి, ప్రభుత్వంతో వాదించిన తొలి వైద్యులలో కార్నిష్ ఒకడు. వైద్యులమైన మనకు ఆయన స్మరణీయుడు.

అయినా ఆ వాదమంతా ప్రధానంగా పని చేయగల మనిషి దేహాన్ని గురించే నడిచింది. ఆ మనిషి చంకలో ఉన్న ఏడాది బిడ్డ మాట ఏమిటి? తల్లి పగలంతా గట్టు మీద కంకర కొడుతుంటే బిడ్డకు పాలు దొరికేది ఎన్నిసార్లు? కూలిగా వచ్చిన ముతక గింజను దంచి, ఉడికించి, మెత్తగా మెదిపి పెట్టడానికి ఓపిక ఎవరికి మిగులుతుంది? ఏ కరువులోనైనా ముందుగా రాలిపోయేది పసివారూ వృద్ధులూ. ఇంట్లో గింజ ఉన్నా, దానిని బిడ్డ తినగల ముద్దగా మార్చే చేతులు అలసిపోతే బిడ్డకు కరువే.

ప్రయోగశాలలు చెప్పినది

పసిబిడ్డల తిండి శాస్త్ర విషయమైనది ఇరవయ్యవ శతాబ్దంలో. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. అది 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొంది.

ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘానాలో, పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1933లో ఒక వింత జబ్బును వర్ణించింది. 1935లో దానికి అక్కడి గా భాషలోని పేరునే వాడి, క్వాషియోర్కర్ అంది. తరువాతి బిడ్డ పుట్టగానే తల్లి రొమ్ముకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు భావం. కాళ్ళు ఉబ్బి, జుట్టు రంగు మారి, చర్మం పొరలుగా లేచి, బిడ్డ నవ్వు మరచిపోతుంది. మా తరం వైద్యులు ఈ సీమ ఆసుపత్రులలో అటువంటి బిడ్డలను కళ్ళారా చూశారు. మందులు ఏమి రాయాలో తెలిసేది. తల్లికి ఏమి చెప్పాలో మాత్రం ఆలస్యంగా తెలిసింది.

తొలుత ప్రపంచమంతా లోపం మాంసకృత్తులదే అనుకొంది. పొడులు, బిస్కెట్లు, కొత్త కొత్త మిశ్రమాలు వచ్చాయి. 1950లలో మైసూరు సంస్థ నూనె తీసిన వేరుశనగ పిండి మూడు వంతులు, శనగపిండి ఒక వంతు కలిపి బహుళార్థక ఆహారం తయారు చేసింది. హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు బిడ్డలు నిజంగా తింటున్నది కొలిచి చూశారు. బిడ్డలు తమ ఇంటి తిండినే కడుపునిండా తింటే మాంసకృత్తుల లోటు కూడా చాలావరకు తీరుతుందని, అసలు కొరత మొత్తం ఆహార పరిమాణానిదేనని వారు చెప్పారు. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో మాంసకృత్తుల వెంట పడడం ఒక మహా వైఫల్యమని రాసినప్పుడు, హైదరాబాదు శాస్త్రవేత్తలు అప్పటికే ఆ దారిలో ఉన్నారు.

జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన హైదరాబాదు మిశ్రమం ఆ ఆలోచనకు ఫలం. వేయించిన గోధుమ 40 గ్రాములు, పుట్నాల పప్పు 16 గ్రాములు, వేరుశనగ 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. ఈ 86 గ్రాములు బిడ్డకు దాదాపు 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఇస్తాయి. ఇందులో హిందూపురం సంతలో దొరకనిదేదీ లేదు. బెల్లానికి ఆ ఊరి మండీ పేరుపొందినదే. వేరుశనగ మన చేనిలోనిదే.

డబ్బా పాల కాలం

అయితే మందుల షాపులో అందంగా పేర్చిన డబ్బా ముందు ఈ మిశ్రమం నిలవలేకపోయింది. 1950ల తరువాత గేదె పాలతో బిడ్డల పాలపొడి తయారు చేయడం మన దేశంలోనే సాధ్యమైంది. ఆ పరిజ్ఞానం గొప్పదే, తల్లి లేని బిడ్డకు అది ప్రాణదానమే. కాని ప్రకటనల పుణ్యమా అని, బొద్దుగా నవ్వే బిడ్డ బొమ్మ ఉన్న డబ్బా గౌరవచిహ్నమైంది. కూలిపని చేసే తల్లి ఒక డబ్బా కొని, అది నెలంతా రావాలని రెండు చెంచాల చోట ఒక చెంచా వేసి, కలిపే నీళ్ళు కాచకుండానే పోసేది. అతిసారం, ఆ తరువాత కృశించడం, మళ్ళీ అతిసారం.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ రోజులలో నేనూ చీటీ మీద డబ్బా ఆహారాల పేర్లు రాశాను. రాగి జావ అని రాస్తే ఇంతేనా అన్నట్లు చూసేవారు. డబ్బా పేరు రాస్తే డాక్టరు పెద్ద చదువు చదివాడనేవారు. ఆ మర్యాదకు లొంగిపోయాను. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయంపై నియమావళిని ఆమోదించింది. మన పార్లమెంటు 1992లో పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాలపై చట్టం చేసి, 2003లో దానిని మరింత బిగించింది. రెండేళ్ళలోపు బిడ్డల ఆహారాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచిత నమూనాలు పంచడం, వైద్యులకు బహుమతులు అందించడం నేరం. ఆ చట్టం వ్యాపారులను ఎంత కట్టడి చేసిందో, మా వంటి వైద్యుల కళ్ళు కూడా అంతే తెరిపించింది.

చేను మారింది, గిన్నె మారింది

ఇదే కాలంలో చేనిలో మరొక మార్పు నిశ్శబ్దంగా జరిగింది. కొర్ర, సామ, ఆరిక వేసే మెట్టభూములలోకి వేరుశనగ వచ్చింది. అనంతపురం జిల్లా దేశంలోనే అత్యధిక విస్తీర్ణంలో వేరుశనగ పండించే జిల్లాగా మారింది. రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. కాని ఇంటి గాదెలోని చిరుధాన్యం పోయింది. పండిన కాయ మిల్లుకు పోయేది, ఇంటికి బియ్యం వచ్చేది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టింది. ఆ తరువాత 1985 నుంచి ఆయన ప్రాతినిధ్యం వహించినది హిందూపురానికే. ఆ బియ్యం ఎన్నో ఇళ్ళలో పస్తులు తప్పించింది. దానిని చిన్నచూపు చూడడం అన్యాయం. అయితే బిడ్డ గిన్నె విషయంలో జరిగినది వేరు. సంకటి ముద్ద స్థానంలో అన్నం, రాగి జావ స్థానంలో గంజి వచ్చాయి. గింజ తెల్లబడింది, అందులోని సున్నమూ ఇనుమూ తగ్గాయి.

వేరుశనగ మాత్రం బిడ్డకు శత్రువు కాదు. మెత్తగా నూరిన వేరుశనగ శక్తినిచ్చే చక్కని పదార్థం. 2015లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన, ముప్పు ఎక్కువ ఉన్న బిడ్డలకు తొలి ఏడాదిలోనే వేరుశనగ పెడితే తరువాత దాని అలర్జీ ఎనభై శాతం దాకా తగ్గుతుందని తేల్చింది. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. పప్పుబద్ద గొంతుకు అడ్డుపడుతుంది గనుక ముద్దగా నూరి మాత్రమే పెట్టాలి. బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని చనిపోయినప్పుడు ఈ విషం బయటపడింది. మచ్చ పడిన, ముడుచుకొన్న గింజను ఏరి పారవేయాలి. ముక్కిన కాయ చవకగా వచ్చిందని బిడ్డకు పెట్టరాదు.

చిరుధాన్యాలు ఈ సీమ నుంచి పూర్తిగా పోలేదన్నది సంతోషకరమైన విషయం. పెనుకొండ, ధర్మవరాల నడుమ చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, దాని రైతు సహకార సంఘం కొర్ర, సామ, రాగి పంటలను మళ్ళీ చేలలోకి తెచ్చే పని చేస్తూ వచ్చాయి. పట్నంలో మధుమేహ రోగి వెతుక్కొని కొనే కొర్రలు, ఊళ్ళో పది నెలల బిడ్డ గిన్నెలోకి కూడా చేరాలని నా కోరిక.

అంగన్‌వాడీ వచ్చింది

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. బిడ్డకు రోజూ 300 కేలరీల అదనపు ఆహారం అన్నది నాటి లెక్క. 2009లో దానిని 500 కేలరీలకు పెంచారు. 2001లో సుప్రీంకోర్టు ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని ఆదేశించింది. 2013 నాటి ఆహార భద్రత చట్టం ఆ తిండిని బిడ్డ హక్కుగా మార్చింది. మన రాష్ట్రంలో ఏడు నెలలు మొదలు మూడేళ్ళదాకా బిడ్డలకు ఇంటికి ఇచ్చే బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో తయారైన పొడి. దానితో పాటు కోడిగుడ్లు, పాలు కూడా ఇస్తున్నారు. ఎన్నో అంగన్‌వాడీ కేంద్రాలలో సామూహిక అన్నప్రాశన జరుగుతోంది. ఒకనాడు కొన్ని కులాల ఇళ్ళకే పరిమితమైన వేడుక అందరి బిడ్డలకూ అందడం నా దృష్టిలో చిన్న సంగతి కాదు.

అయితే ఇంటికి వెళ్ళిన పొట్లం ఎవరు తింటారన్నది తరువాతి ప్రశ్న. ఇంట్లో ముగ్గురు పిల్లలు ఉంటే అది ముగ్గురికీ పంచబడుతుంది. తల్లి అలా పంచడాన్ని నేను తప్పుపట్టలేను. ఆ పొట్లం ఇంటి తిండికి తోడు గాని, దానికి బదులు కాదని మాత్రం చెప్పగలను.

నాలుగు నెలలా, ఆరు నెలలా?

పాత తరం తల్లులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. "అప్పుడు నాలుగో నెల నుంచి పెట్టమన్నారు, ఇప్పుడు నా కోడలికి ఆరు అంటున్నారు, ఏది నిజం?" రెండూ ఆయా కాలాలలో వైద్యులు చెప్పినవే. 2001కి ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనేది. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే అని తీర్మానించింది. ముందుగా నీళ్ళు, తిండి మొదలుపెట్టిన బిడ్డలలో అతిసారం ఎక్కువ కావడం అందుకు ప్రధాన కారణం. శాస్త్రం తన మాటను సవరించుకోవడం అవమానం కాదు. మారిన మాటను అత్తాకోడళ్ళ ఇద్దరికీ విడమరచి చెప్పకపోవడమే వైద్యుల లోపం.

ఆరు నెలలు దాటాక ఆలస్యం చేయడం కూడా అంతే హానికరం. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కూడబెట్టుకొన్న ఇనుము అప్పటికి అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము స్వల్పం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6-8 నెలల బిడ్డలలో తల్లిపాలతో పాటు మెత్తని లేదా గట్టి తిండి అందుతున్నవారు 46 శాతం లోపే. ఆరు నెలలు మొదలు రెండేళ్ళ వరకు తగినంత ఆహారం అందుతున్నవారు కేవలం 11 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు బిడ్డలలో 31 శాతం వయసుకు తగిన ఎత్తు లేనివారు, 63 శాతం రక్తహీనత ఉన్నవారు. ఒక్క పేదరికం వల్లనే ఈ అంకెలు రావు. కలిగిన ఇళ్ళలోనూ బిస్కెట్టు, చిప్స్ పొట్లం బిడ్డ పూటను మింగేస్తున్నాయి.

పట్టు నేసే ఊళ్ళలో

2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మూడు ఊళ్ళూ నేడు ఒక దారంతో ముడిపడి ఉన్నాయి. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్ళు వస్తాయి, ధర్మవరంలో పట్టుచీర నేస్తారు. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. హిందూపురం పరిసరాల దుస్తుల పరిశ్రమలలో వేలాది స్త్రీలు పని చేస్తున్నారు. చేనేత ఇంట్లో కండెలు చుట్టడం, ఆసు పోయడం, అచ్చు అతకడం స్త్రీల పనే. ఆ పనికి వేళాపాళా ఉండదు. ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లికి వేళ ఉంటుంది గాని, ఆ వేళలో బిడ్డ పక్కన ఉండదు.

పట్టుపురుగులు పెంచే ఇంట ఒక సంగతి గమనించాను. పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు లేత ఆకు సన్నగా తరిగి, రోజుకు మూడు నాలుగు మార్లు వేళ తప్పకుండా వేస్తారు. చిన్న ప్రాణికి కొద్ది కొద్దిగా, మెత్తగా, పలుమార్లు పెట్టాలన్న జ్ఞానం ఈ సీమ ఇళ్ళలో లేనిది కాదు. పురుగు గూడుకు మార్కెట్టులో ధర ఉంది గనుక ఇల్లంతా దానికి సమయం కేటాయిస్తుంది. బిడ్డకు తినిపించే అరగంటకు ఎవరూ ధర కట్టలేదు. ఆ అరగంట తల్లి ఒక్కతే తన కూలిలో నుంచి తీసి ఇవ్వవలసి వస్తోంది. కరువు పనుల నాటి కంకర గుట్ట మీదా, నేటి మగ్గం వద్దా ఉన్న చిక్కు ఒకటే.

చేయదగిన పనులు

ఆరు నెలలు నిండగానే మొదలుపెట్టండి. 6-8 నెలలలో రోజుకు రెండు మూడు సార్లు, ఆ తరువాత మూడు నాలుగు సార్లు, ఏడాది దాటాక నడుమ ఒకటి రెండు చిరుతిళ్ళు. తల్లిపాలు కాక, తిండి నుంచి రావలసిన శక్తి 6-8 నెలలలో రోజుకు సుమారు 200 కేలరీలు, 9-11 నెలలలో 300, రెండవ ఏడాదిలో 550.

చెంచా వంచితే జారిపోయేది తిండి కాదు. చెంచాలో నిలిచేంత చిక్కగా ఉండాలి. పప్పుకట్టు కాదు, పప్పే మెదిపి పెట్టండి. అన్నమైనా సంకటైనా పప్పు, ఆకుకూర, ఒక చెంచా నెయ్యి లేదా నూనె కలపండి. మొలకెత్తించిన రాగి పిండి వారానికి ఒకమారు చేసి పెట్టుకొంటే అది పనికి పోయే తల్లికి చాలా సమయం మిగులుస్తుంది. గుడ్డు, తినే ఇళ్ళలో మాంసం, చేప ఏడవ నెల నుంచే మెత్తగా చేసి పెట్టవచ్చు. ఏడాది లోపు తేనె వద్దు. పాలసీసా వద్దు. జబ్బు చేసినప్పుడు తిండి మానకండి. తగ్గాక రెండు వారాలు ఒక పూట ఎక్కువ పెట్టండి.

చివరి మాట తండ్రులకు, తాతలకు. గోరుముద్దలు తినిపించడం తల్లికే రాసిపెట్టిన పని కాదు. మగ్గం మీద ఉన్న తల్లిని లేపకుండా, గిన్నె పుచ్చుకొని బిడ్డ ఎదుట కూర్చొనే రెండవ మనిషి ఇంట్లో ఉంటే, నేను ఇంతవరకు రాసిన చరిత్రలోని సగం దుఃఖం తప్పేది.

ఆనాడు నా మందలింపుకు తల వంచుకొన్న తల్లిని మళ్ళీ చూడలేదు. చూసి ఉంటే ఆమెను కాక, ఆమె వెంట రాని భర్తను పిలిపించి మాట్లాడేవాడిని. తరువాతి ఏళ్ళలో నా గదిలోకి వచ్చిన ప్రతి బిడ్డ విషయంలోనూ "ఏమి పెడుతున్నారు?" అన్న ప్రశ్నతో పాటు "ఎవరు పెడుతున్నారు?" అన్న ప్రశ్న కూడా అడుగుతూ వచ్చాను. ఆ రెండవ ప్రశ్న నాకు నేర్పినది ఆ అవ్వే.